మేడిపండులో పురుగు, గోడలో రావిమొక్క



ధమ్మ బంధువులారా, పోయిన పాఠంలో ప్రతీత్య సముత్పాదం చదువుకున్నాం. ఏదీ తనంతట తాను పుట్టదు, ఏదీ ఒంటరిగా నిలబడదు, కారణాలు కూడితే పుడుతుంది, కారణాలు విడిపోతే పోతుంది. పన్నెండు నిదానాలూ చాలామంది తడుముకోకుండా అప్పజెప్పారు కూడా. తరగతి అయిపోయి చాపలు చుడుతుంటే ఒక ఉపాసిక దగ్గరికొచ్చి, "అన్నా, అవిద్య, సంస్కారం, విజ్ఞానం అంటా ఉంటే తల ఊపినాం గానీ, కంటికి కనపడేది ఒకటి చూపించు" అంది. సబబైన మాటే. బుద్ధుడు కూడా రైతుకు నాగలితో, వడ్రంగికి బాడిసెతో చెప్పాడు గాని, మాటకు మాట పేర్చి చెప్పలేదు. అందుకని ఈ పాఠం చెట్టు కింద మొదలుపెడదాం.

మన జిల్లాలో మేడిమాను ఎరగని వాళ్లుండరు. తమిళం కలిసిన పల్లెల్లో అత్తిచెట్టు అంటారు. వాగు పక్కన, చెరువు కట్ట కింద, తలకోన లోయలో నీళ్లు పారే దారి వెంట కనపడుతుంది. మాను బోదెకే గుత్తులు గుత్తులుగా కాయలు కాస్తుంది. దాని లోపల పురుగులుంటాయని మనకు బడిలోనే వేమన పద్యం నేర్పింది. పైకి బాగుండి లోపల చెడ్డవాడైన మనిషికి అది పోలికై కూర్చుంది. వేమన చెప్పిన నీతి మంచిదే. పురుగుకు మాత్రం అన్యాయం జరిగింది. ఎందుకో చూడండి.

మేడి పువ్వును ఎవరూ చూడలేదు. అరుదైన దాన్ని అత్తిపువ్వు పూసినట్టు అనడం అందుకే. సుత్త నిపాతంలోని మొదటి సుత్తంలో కూడా ఈ పోలిక ఉంది. మేడిచెట్లలో పూలు వెతికిన వాడికి ఏమీ దొరకనట్టే, భవాల్లో సారం వెతికిన భిక్షువుకు సారం దొరకలేదని దాని భావం. నిజానికి పువ్వు లేక కాదు. మనం కాయ అనుకునేదే పూలగుత్తి. వందల పూలు లోపలికి తిరిగి, ఒక సంచిలో పెట్టి మూతి కట్టేసినట్టు ఉంటాయి. తేనెటీగ రాలేదు, గాలి చొరబడదు. మరి పుప్పొడి ఎలా చేరాలి?

ఆవగింజంత కందిరీగ జాతి పురుగు ఒకటుంది. కాయ అడుగున ఉండే సన్నని కంతలోంచి ఆడపురుగు దూరుతుంది. ఆ దారి ఎంత ఇరుకంటే రెక్కలు తెగిపోతాయి. మళ్లీ బయటికి వచ్చే మాట లేదు. తాను పుట్టిన కాయ నుంచి తెచ్చిన పుప్పొడిని లోపలి పూలకు అంటిస్తుంది, కొన్ని పూలలో గుడ్లు పెడుతుంది, అక్కడే చచ్చిపోతుంది. గుడ్లు పెట్టిన పూలలో పిల్లలు పెరుగుతాయి, మిగతా పూలు గింజ కడతాయి. కొన్ని వారాలకు ముందుగా మగపురుగులు పుడతాయి. వాటికి రెక్కలుండవు. ఆడవాటితో కలిసి, కాయకు కన్నం తొలిచి, వాటి పని అక్కడితో సరి. ఆ కన్నంలోంచి ఆడపురుగులు పుప్పొడి మోసుకుని ఎగిరిపోతాయి. బయట వాటి ఆయుష్షు ఒకటి రెండు రోజులు. ఆ లోపల, సరిగ్గా అదే అదనులో పూతకొచ్చిన మరో మేడిమాను దొరకాలి. దొరక్కపోతే వంశం అక్కడితో ఆఖరు.

మేడికి ఒక పురుగు, రావికి వేరే పురుగు, మర్రికి మరొకటి. పురుగు లేకపోతే చెట్టుకు గింజ లేదు, చెట్టు లేకపోతే పురుగుకు ఇల్లు లేదు. ఉపాసిక అడిగిన 'కంటికి కనపడేది' ఇదే. ఎవరు ముందు, ఎవరు వెనక అని అడిగితే జవాబు లేదు. సృష్టికర్త ఒకడు కూర్చుని జత కలిపాడని చెప్పాల్సిన అవసరమూ లేదు. ప్రతి సంఘటనకూ కారణం ఉంటుంది, అది మనిషి చేతలో ఉంటుంది, లేదా ప్రకృతిలో ఉంటుంది అని బాబాసాహెబ్ 'బుద్ధుడు – ఆయన ధమ్మం'లో వివరించింది ఈ చూపునే.

ఇప్పుడు ఇంకో సంగతి గమనించండి. ఒక మాను కాయలన్నీ ఇంచుమించు ఒకేసారి పండుతాయి. కానీ పక్క ఊరి మాను వేరే నెలలో పండుతుంది. అలా పండితేనే పురుగు బతుకుతుంది కనుక, ఏడాది పొడుగునా ఎక్కడో ఒక మాను పండుతూనే ఉంటుంది. మార్చి దాటాక శేషాచలం కొండలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఆకు రాలి, గడ్డి ఎండి, బండ కాలుతూ ఉంటుంది. ఆ కరువులో పండు చూపించేవి ఈ అత్తి కుటుంబపు మాన్లే. రావి, మర్రి, మేడి, జువ్వి. పిగిలిపిట్ట, గోరింక, కోయిల, కంసాలిపిట్ట, పచ్చపావురం, ఉడత, కోతి, గబ్బిలం అన్నీ అక్కడికే చేరతాయి. ప్రపంచం మొత్తం మీద అత్తి జాతి పండ్లు తినే పక్షులూ జంతువులూ 1,200 రకాలకు పైగా ఉన్నాయని 2001లో శాస్త్రజ్ఞులు జాబితా వేశారు. అడవిలో వేల చెట్లుండగా ఇవి లెక్కకు కొన్నే. ఆ కొన్ని పోతే మాత్రం ఎండాకాలపు బువ్వ పోయినట్టే.

ఇలాంటి వాటిని శాస్త్రంలో కీలక జాతులు అంటారు. ఆ పేరు వెనక ఒక కథ ఉంది. రాబర్ట్ పెయిన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1963లో పసిఫిక్ సముద్రం ఒడ్డున ఒక రాతి గట్టును ఎంచుకున్నాడు. అక్కడ 15 రకాల జీవులు కలిసి ఉండేవి. ఆయన చేసింది ఒక్కటే. గట్టు మీద కనపడిన నక్షత్ర చేపలను ఊడదీసి సముద్రంలోకి విసిరేయడం. పక్క గట్టును ముట్టుకోలేదు. కొంతకాలానికి చూస్తే, నక్షత్ర చేప తినే ఆల్చిప్పలు అడ్డూ ఆపూ లేక గట్టంతా పరుచుకున్నాయి. మిగతావాటికి కాలు పెట్టే చోటు లేదు. 15 రకాలు 8 అయ్యాయి. 1969లో ఆయన ఇలాంటి జీవికి కమాను నడినెత్తిన పెట్టే రాయి పేరు పెట్టాడు. ఆ రాయి తీస్తే కమాను కూలుతుంది.

ఈ పోలికను మనం కాస్త జాగ్రత్తగా పట్టుకోవాలి. ఆ నడినెత్తి రాయి మిగతా రాళ్లను మోస్తున్న దొర కాదు. పక్క రాళ్లు రెండు వైపులా అదుముతుంటేనే అది గాలిలో నిలబడింది. మర్రిమాను ఎంత పెద్దదైనా ఆవగింజంత పురుగు మీద నిలబడింది. అనాత్మ అని మనం చదువుకునేది ఇక్కడ చెట్టు రూపంలో కనపడుతుంది.

ఇంకో జాగ్రత్త అంతకన్నా ముఖ్యం. ఈ పాఠం చెప్పడానికి నేను మొదట వెనకాడింది దీని వల్లే. "ప్రకృతిలో చూడండి, ఎవరి పని వాళ్లకు ఉంది, చిన్న పని పెద్ద పని లేదు, అందరూ అవసరమే" అనే మాట మీరు ఎక్కడో విన్నారు కదా. చెప్పులు కుట్టేవాడూ అవసరమే, పాకీ పని చేసేవాడూ అవసరమే, కాబట్టి అక్కడే ఉండు అని చెప్పడానికి వాడే మాట అది. తీయటి విషం. పురుగు పురుగుగా పుట్టింది, మేడి తప్ప ఇంకో చోట బతకలేదు. మనిషి అలా కాదు. చెప్పు కుట్టడం ఎవరి శరీరంలోనూ రాసి పుట్టదు. కులం పనిని పంచింది కాదు, పనిచేసేవాళ్లను ముక్కలు చేసింది అని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో తేల్చి చెప్పారు. అడవి నుంచి మనం నేర్చుకోవాల్సింది కారణాలు ఎలా అల్లుకుంటాయో ఆ సంగతి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో అడవి చెప్పదు, చెప్పిందని ఎవరైనా అంటే అడగండి, ఆ చెప్పేవాడు ఏ కొమ్మ మీద కూర్చున్నాడో.

ఈ తేడా బాగా తెలిసేది రాబందు విషయంలో.

యాభై దాటిన వాళ్లకు రాబందులు గుర్తుంటాయి. ఊళ్లో గొడ్డు చస్తే ఎవరు ఈడ్చుకుపోవాలో ఊరు ముందే నిర్ణయించి పెట్టింది. మన తాతలు ఈడ్చుకెళ్లి, తోలు ఒలిచి, కళేబరాన్ని బీడులో వదిలేవాళ్లు. ఆకాశంలో ఒక చుక్క కనపడేది, తర్వాత పది, తర్వాత యాభై. రాబందుల గుంపు దిగితే గంటలోపే ఎముకలు మిగిలేవి. అంటరాని మనిషి, అపశకున పక్షి. ఊరు ముక్కు మూసుకున్న ఈ ఇద్దరి మీదే ఊరి ఆరోగ్యం ఆనుకుని ఉండేది.

1927 మార్చిలో మహాడ్‌లో బాబాసాహెబ్ చచ్చిన గొడ్డు మాంసం మానేయమని మనవాళ్లకు పిలుపిచ్చారు. మనం మానాం. ఆ చాకిరీ నుంచి బయటపడ్డాం, అది గౌరవంగా చేసిన పని. రాబందులు పోవడానికి కారణం అది కాదని గట్టిగా చెప్పాలి, ఎందుకంటే అలా అనేవాళ్లూ ఉన్నారు. కారణం ఒక సూది మందు. 1990ల నుంచి డైక్లోఫెనాక్ అనే నొప్పి మందును పశువులకు విరివిగా వాడారు. ఆ మందు ఒంట్లో ఉన్న గొడ్డు చచ్చిపోతే, దాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడై రోజుల్లో చచ్చేది. సంగతి బయటపడింది 2004లో, పాకిస్తాన్‌లో చేసిన పరిశోధనతో. మన దేశం 2006లో పశువులకు ఆ మందు నిషేధించింది. అప్పటికే చాలా ఆలస్యమైంది. 1992 నుంచి 2007 లోపల తెల్లవీపు రాబందులు వెయ్యికి ఒకటి మిగిలాయి.

ఆ తర్వాత జరిగింది చూడండి. కళేబరాలు అలాగే కుళ్లాయి. కుక్కలు పెరిగాయి, పిచ్చికుక్క కాట్లు పెరిగాయి, వాగులూ చెరువులూ చెడ్డాయి. రాబందులు బాగా ఉండిన జిల్లాలను, మొదట్నుంచీ లేని జిల్లాలతో పోల్చి ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్క వేశారు. 2000 నుంచి 2005 వరకు సుమారు 5 లక్షల మంది అదనంగా చనిపోయారని వాళ్ల అంచనా. 2024లో అది అచ్చయింది. ఎవరూ పక్షిని చంపాలనుకోలేదు. ఆవు నొప్పి తగ్గించాలనే అనుకున్నారు. ఆ కరుణకు చూపు చాల్లేదు. ప్రజ్ఞ లేని కరుణ ఎక్కడికి పోతుందో ధమ్మ తరగతిలో ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. కళేబరాలు వేసే బీడు పక్కన ఇళ్లు ఎవరివో, కుక్క కరిస్తే సూదికి ఎవరు తిరగాలో మీకు చెప్పనక్కర్లేదు.

మళ్లీ మన మాన్ల దగ్గరికి వద్దాం. రావి గింజ నేల మీద పడితే మొలవడం తక్కువ. పిట్ట తిని, ఎగిరిపోయి, ఎక్కడో రెట్ట వేస్తే అక్కడ మొలుస్తుంది. తాటిచెట్టు మట్టల సందులో, పాత బావి వరసలో, మిద్దె పిట్టగోడ పగుల్లో. రాత్రిపూట ఆ పని గబ్బిలం చేస్తుంది. పండు తిని మైళ్ల దూరం పోతుంది. గబ్బిలాన్ని చూసి తలుపులేసుకునే వాళ్లున్నారు. మనకు మాత్రం అది జాషువా పక్షి. గుడి గడప తొక్కనివ్వని అరుంధతీ సుతుడు, గుడిలో తలకిందులుగా వేలాడే గబ్బిలంతో తన గోడు శివుడికి చెప్పి పంపడం 1941లో వచ్చిన ఆ కావ్యం కథ. అంతకు ఇరవై రెండు వందల ఏళ్ల ముందే అశోకుడు చంపకూడని జీవుల జాబితా స్తంభం మీద చెక్కించాడు. అందులో చిలుక, గోరింకలతో పాటు గబ్బిలం పేరుంది. అందాన్ని చూసి తయారుచేసిన జాబితా కాదది. దారుల వెంట మనుషులకూ పశువులకూ నీడ కోసం మర్రి మాన్లు నాటించానని చెప్పుకున్నదీ ఆయనే. మన రాయలసీమలోనే, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఆయన శాసనాలున్నాయి. చెట్లు నాటడం, బావులు తవ్వించడం, మనుషులకూ పశువులకూ మందు మొక్కలు తెప్పించడం వాటిలో చదవొచ్చు. తిరుపతి నుంచి ఒక్క రోజులో వెళ్లి రావచ్చు, వెళ్లండి.

బౌద్ధ సాహిత్యం గోతమునికి ముందు బుద్ధులని చెప్పే వారికి కూడా ఒక్కొక్క చెట్టు చెబుతుంది. కస్సపునికి మర్రి, కోణాగమనునికి మేడి, కకుసంధునికి దిరిసెన. గోతమునికి రావి. ఆ పాత బుద్ధుల కథలను మీరు ఎలా తీసుకున్నా సరే, అది చెప్పినవాళ్లకు ఏ మాను కింద ఎప్పుడూ ప్రాణం కళకళలాడుతుందో తెలుసు. బోధి కలిగాక బుద్ధుడు కొన్నాళ్లు మేకల కాపరుల మర్రి కింద కూర్చున్నాడని వినయపిటకం చెబుతుంది. మేకలవాళ్లు ఎండకు చేరే మాను. మన చిత్తూరు దారుల్లో అలాంటివి ఎన్ని ఉండేవి! రోడ్లు వెడల్పయ్యాక ఎన్ని మిగిలాయో మీరే లెక్కపెట్టండి.

పెద్దది చూడాలంటే కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఉంది. దాదాపు ఐదెకరాలు పరుచుకుంది, 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. దానికి భర్త చితి మీద కాలిపోయిన ఆడమనిషి కథ తగిలించారు. ఆ కథకు మనం చేతులు జోడించం. మానును మాత్రం చూసి రావాలి. ఈ రెండూ విడదీసి చూడటం మనకు చాతకావాలి.

చాతకాక మా విహారంలోనే పెద్ద గొడవ అయింది. ప్రహరీ గోడ పగుల్లో రావి మొలిచింది. జానెడు ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. మోకాలెత్తు అయ్యాక ఒక పిల్లోడు "బోధి వృక్షం, దానంతటదే వచ్చింది" అని నీళ్లు పోయడం మొదలుపెట్టాడు. మా పెద్దాయన ఒకరు ఒప్పుకోలేదు. "కొట్టేయండి. ఈరోజు మొక్క, రేపు ఎవరో పసుపు పూస్తారు, ఎల్లుండి నాగప్రతిమ నిలబెడతారు, ఆపైన స్థలం మనది కాదంటారు. నేను కళ్లారా చూసినా" అన్నారు. ఆయన భయం ఉత్తది కాదు. ఏఏ వాడ పక్కన పుట్టి పెరిగిన వాళ్లెవరికైనా అది తెలుసు. ఊరి రచ్చబండ కూడా రావిమాను కిందే ఉండేది, ఆ బండ మీద మా నాయన ఏనాడూ కూర్చోలేదు. మానును చూస్తే మన పెద్దలకు బోధి కన్నా ముందు ఆ బండ గుర్తొస్తే తప్పు వాళ్లది కాదు.

మూడు వారాలు మాట్లాడుకున్నాం. మొక్కడం వద్దు, కొట్టడం వద్దు అన్న దగ్గర ఆగాం. గోడలో ఉంచితే గోడ పోతుంది, అది నిజం. రావి వేరు చిటికెన వేలంత ఉన్నప్పుడే తీయాలి. లావెక్కాక పైన నరికితే ఊరుకోదు, అడుగు నుంచి మళ్లీ లేస్తుంది, గోడను ఇంకా చీలుస్తుంది. ఇటుక రెండు వరసలు విప్పి వేరుతో సహా తీశాం. గోనెపట్టాలో మట్టి కట్టి నెలరోజులు నీడన పెట్టాం. తర్వాత మన శ్మశానం గట్టున నాటాం, గోడలకు నలభై అడుగుల దూరాన. మళ్లీ చెబుతున్నా, చుట్టూ సిమెంటు కట్ట కట్టలేదు. కట్ట కడితే వేరుకు ఊపిరాడదు, దాని మీద ఏదో ఒక విగ్రహం కూర్చోవడానికి పీట వేసినట్టు కూడా అవుతుంది.

ఇక్కడ మన అలవాటు ఒకటి మార్చుకోవాలి. ప్రతి ఏడాది బుద్ధ పూర్ణిమకు రావిమొక్క నాటి ఫోటో దిగుతాం. మే నెల, మన ఎండ. మా విహారం వాళ్లు అలా నాటిన రెండు మొక్కలు రెండూ జూన్ చూడలేదు. పూర్ణిమ నాడు గుంట తవ్వండి, పెంట వేయండి. నాటడం అక్టోబర్ 14కు పెట్టుకోండి. ధమ్మచక్ర ప్రవర్తన దినం అది, మన జిల్లాకు ఈశాన్య వానలు అందుకునేదీ ఆ నెలలోనే. అందరూ రావే నాటుతారు. మేడి నాటండి, చెరువు కింద తడి ఉన్న చోట. మర్రి అయితే మొక్క కూడా అక్కర్లేదు, చేతి మందం కొమ్మ మనిషెత్తున కొట్టి వానల్లో పాతితే వేరు పట్టుకుంటుంది. ఒక్క విహారంలో ఒక్క మాను చాలదని మీకిప్పుడు తెలుసు. పురుగుకు రెండు రోజుల ఆయుష్షు, అందే దూరంలో ఇంకో మాను ఉండాలి. మీ పల్లెది, పక్క పల్లెది, దాని అవతలిది.

పలమనేరు వైపు ఉన్నవాళ్లకు ఒక మాట. 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యం పేరు వింటే సారనాథ్‌లో మొదట ధమ్మం గ్రహించిన కొండన్న గుర్తొస్తాడు. అక్కడి ఏనుగులూ ఈ అల్లికలోవే, గింజలు మోసే పెద్ద జీవులు. కానీ చెరుకు తోట తొక్కించుకున్న కౌలు రైతుకు ఆ సంగతి పాఠంలా చెప్పడం నాకు నోరు రాదు. ఆ విషయం వాళ్లతోనే కూర్చుని వేరే పాఠంగా రాయాలి.

ఈ ఆదివారానికి పని. మీ పల్లె పొలిమేరలో రావి, మర్రి, మేడి, జువ్వి ఎన్ని మిగిలాయో నడిచి చూసి రండి. ఏది ఏ నెలలో పండుతుందో మేకలు కాసే ముసలివాళ్లను అడగండి, వాళ్లకు తెలిసినంత పుస్తకాల్లో లేదు. వాటి కింద ఏ పిట్టలు చూశారో రాయండి. ఒక పండిన మేడిపండు తెండి, తరగతిలో చీల్చి చూద్దాం. కాగితం మరిచిపోకండి. విహారం గోడకు పెద్ద పటం గీసి పెడతాను, ఎవరి పల్లె మానును వాళ్లే అందులో పెడుదురుగాని.